కోనసీమలో రివర్సు గేరు

కోనసీమకు జనం కొబ్బరితోటలు చూడ్డానికి వెళతారు, పడవల్లో తిరగడానికి వెళతారు, రోజులు బాగుంటే పులస తినడానికి వెళతారు. నేను కారు వెనక్కి నడపడం నేర్చుకోవడానికి వెళ్ళాను. ఈ మాట చెబితే మస్కట్‌లో మా క్లినిక్‌లో అందరూ నవ్వారు. నవ్వనిది సువర్ణ ఒక్కతే. ఆ సలహా ఇచ్చింది తనే మరి.

నా సంగతి ముందు చెప్పాలి. మాది అనంతపురం వైపు. పెళ్ళయిన కొత్తలో మస్కట్ వచ్చి, అక్కడే ల్యాబ్ టెక్నీషియన్‌గా స్థిరపడ్డాను. పిల్లలు లేరు. ఉద్యోగానికైనా, కూరగాయలకైనా, గుడికైనా మా ఆయనే కారులో దింపేవారు. నేనూ డ్రైవింగ్ నేర్చుకుంటానంటే "నీకెందుకు, నేనున్నాగా" అనేవారు. ప్రేమతోనే అనేవారు, నాకూ హాయిగానే ఉండేది. నిరుడు ఆఫీసులో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే గుండె ఆగి పోయారు. ఇప్పుడా "నేనున్నాగా" గుర్తొస్తే ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది. ఉండని మనిషి అంత గట్టిగా ఎందుకు చెప్పాలి?

ఈ ఏడాది మా క్లినిక్ ఊరి బయటికి మారుతోంది. అక్కడికి బస్సు పోదు. తెల్లవారగానే రక్తం శాంపిళ్ళు తీయాలి కాబట్టి ఎవరి బండి వాళ్ళకుండాలని మేనేజరు చెప్పేశాడు. లైసెన్సు లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే వీసా లేదు, వీసా లేకపోతే మేమిద్దరం కాపురం చేసిన ఆ రెండు గదుల ఇల్లూ లేదు. అనంతపురంలో నాకంటూ తలుపు తీసేవాళ్ళెవరూ మిగల్లేదు.

పెళ్ళికి ముందు మా నాన్న తీయించిన ఇండియా లైసెన్సు ఉంది. పాపం అది ఉన్నదే గాని నాకు నడపడం రాదు. మస్కట్‌లో మళ్ళీ పరీక్ష పాసవ్వాలి. ముందు ఇనప డ్రమ్ముల మధ్యకి కారును వెనక్కి నడిపించి పెట్టాలి, తర్వాత ఎత్తు మీద ఆపి కదిలించాలి, ఆపైన రోడ్డు. నేను ఎన్నిసార్లు వెళ్ళినా డ్రమ్ముల దగ్గరే తప్పాను. రివర్సు గేరు పడితే చాలు, నా చేతులు చల్లబడిపోతాయి.

"మా కోనసీమలో పది రోజులు కాలవగట్టు మీద తోలక్కా, డ్రమ్ములొక లెక్కా?" అంది సువర్ణ. వాళ్ళ బాబాయి సూరిబాబుగారు కొత్తపేటలో డ్రైవింగ్ నేర్పుతారట. ఆయనకి ఫోను చేసి అన్నీ మాట్లాడేసింది. సెలవు పెట్టి బయల్దేరాను.

జొన్నాడలో కారు నిండా జనం

సూరిబాబుగారు నన్ను జొన్నాడ దగ్గర హైవే మీద కలుస్తానన్నారు. టీకొట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డాక, ఎర్రటి ఎల్ అక్షరం అతికించిన చిన్న తెల్లకారు వచ్చి ఆగింది. అందులో అప్పటికే నలుగురున్నారు. అరవై దాటిన సన్నటి మనిషి దిగి దణ్ణం పెట్టారు.

"అమ్మాయిగారు మీరేనాండీ? ఆయ్, ఆలస్యం అయిపోయిందండి. దార్లో వీళ్ళు నడుస్తూ కనపడ్డారు, ఎక్కించుకోకపోతే బాగోదు కదండీ."

వెనక సీట్లో ఒక అరటిగెల నా ఒళ్ళోకి వచ్చింది. గోదావరి వంతెన మీద ఆ గెల పక్కనుంచే చూశాను నదిని. మా జిల్లాలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టిన దాన్ని. అన్ని నీళ్ళు ఎవరికీ పట్టనట్టు ఊరికే పోతుంటే మనసు చివుక్కుమంది.

కొత్తపేట చేరేలోపు ఇద్దరు దిగారు, ముగ్గురు ఎక్కారు. మా వైపు చెయ్యెత్తిన వాళ్ళకి బండి ఆపుతారు. ఇక్కడ చెయ్యెత్తని వాళ్ళకి కూడా ఆపి "ఎక్కడి దాకానండీ?" అని అడుగుతున్నారు. ఎక్కినవాళ్ళు థాంక్స్ చెప్పరు, కబురు చెబుతారు. ఎవరింట్లో కొబ్బరి దింపు తీశారు, ఎవరి గేదె ఈనింది, అన్నీ. మస్కట్‌లో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఏళ్ళ తరబడి కలిసి ఎక్కేవాళ్ళ పేర్లు నాకు తెలియవు. ఈ కారు సంత చూసి నాకు విసుగే వచ్చింది. నేర్చుకోవడానికి వచ్చానా, జనాన్ని చేరవేయడానికా?

అమలాపురం: "ఒక్కరేనాండీ?"

సూరిబాబుగారు వాళ్ళింట్లో ఉండమన్నారు. నాకు మొహమాటం. అమలాపురంలో లాడ్జిలో దిగాను. కౌంటరులో కూర్చున్నాయన నా వెనక్కి చూసి, తలుపు వైపు చూసి, మళ్ళీ నన్ను చూశాడు.

"ఒక్కరేనాండీ?"

అవునంటే సరిపోయేది. ఏడాదిగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. "మా ఆయన మస్కట్‌లో పనిలో ఉన్నారండి" అనేశాను. అతని మొహం విప్పారింది. "ఆయ్, అలాగేనండి" అని గాలి వచ్చే గది ఇచ్చాడు.

మెస్సులో అన్నం. పనసపొట్టు కూరలో ఆవ ఘాటు ముక్కుకెక్కింది. సంగటి, ఊరిబిండి పచ్చడి తిని పెరిగిన నాలుకకి అదేమిటో అర్థం కావడానికి రెండు ముద్దలు పట్టింది, మూడో ముద్దకి మళ్ళీ వేయించుకున్నాను. వడ్డించే ఆవిడ "ఇంకొంచెం వెయ్యమంటారాండీ, మొహమాట పడకండే" అంటూ వదల్లేదు. చుట్టూ బల్లల దగ్గర కుటుంబాలు. నేను ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ మీద హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని తిన్నాను. గదికొచ్చాక చేరానని చెప్పడానికి ఫోను తీశాను. చెప్పాల్సిన వాళ్ళెవరూ లేరని అప్పుడు గుర్తొచ్చింది. సువర్ణకి మెసేజి పెట్టి పడుకున్నాను.

కొత్తపేట కాలవగట్టు

కోతల కాలం. రోడ్డులో సగం ఆరబోసిన ధాన్యానిది, మిగతా సగం కాలవదిలా ఉంది. బండికి మిగిలింది కారు వెడల్పు కంటే ఒక జానెడు ఎక్కువ. ధాన్యం మీద చక్రం పడకూడదు. "తొక్కితే పాపమండి" అన్నారు సూరిబాబుగారు. కాలవలో పడితే ఏమిటో ఆయన చెప్పలేదు.

"మస్కట్‌లో కుడివైపు నడుపుతారు బాబాయిగారూ, ఇక్కడ నేర్చుకుంటే తికమక కాదా?" అన్నాను.

"వెనక్కి వెళ్ళడానికి కుడేవిటండీ, ఎడవేవిటండీ?"

ఆయన పాఠం సగం ఫోనులోనే జరిగేది. ఒక చేత్తో ఫోను, రెండో చేత్తో కనపడ్డ ప్రతివాళ్ళకీ దణ్ణం, కాలు మాత్రం తన వైపు బ్రేకు మీద. మధ్యమధ్య నాకో ముక్క. "అద్దంలో కాలవ కనపడితే కంగారు పడకండి. కనపడకపోతేనే పడాలి."

గట్టు మధ్యలో ఎదురుగా కొబ్బరికాయల వ్యాను వచ్చింది. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, వెడల్పు జాగా ఎవరికి దగ్గరైతే వాళ్ళు వెనక్కి వెళ్ళాలి. కానీ అంతకంటే పెద్ద పద్ధతి మర్యాద. వ్యాను అతను తల బయట పెట్టి, "మీరు రండి మేడమ్ గారూ!" అన్నాడు. సూరిబాబుగారు ఊరుకుంటారా? "లేదండి, బరువు బండి, మీరే రండి!" అన్నారు. అతను వినకుండా వెనక్కి పోయాడు. నన్నూ వెనక్కి పొమ్మన్నారు, ముక్కుతూ మూలుగుతూ కాస్త పోయాను. దారి ఖాళీ అయింది కదా అని ఇద్దరం ఒకేసారి ముందుకొచ్చాం. మళ్ళీ అక్కడే ఎదురుపడ్డాం. ఇలా మరోసారి కూడా జరిగాక, రేవులో గిన్నెలు తోముతున్నావిడ లేచి, "ఎవరో ఒకరు మర్యాద మానండి బాబూ!" అని అరిచింది.

ఈసారి పూర్తిగా వెనక్కి వెళ్ళాల్సింది నేనే. చేతులు చల్లబడ్డాయి. అద్దంలో కాలవ కనపడలేదు. ఎడమ వెనక చక్రం మెత్తటి మట్టిలోకి జారింది, కారు నీళ్ళ వైపు ఒరిగింది. ఎక్కణ్ణుంచి వచ్చారో పదిమంది వచ్చి, పంచెలు ఎగ్గట్టి, కారును నాతో సహా ఎత్తి గట్టు మీద పెట్టారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అదే మా ఊళ్ళో అయితే పది తిట్లు తిట్టి ఎత్తేవాళ్ళు, తిడితే ఏడుపు రాదు. నేను స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను. ఆ ఉద్యోగం ఇక నాది కాదని, సామాను ఎలా సర్దాలో ఆలోచించుకోవడమే మేలనీ అనిపించింది.

పలివెల మంగాయమ్మగారు

అయినా మర్నాడు వెళ్ళాను. వెళ్ళకపోతే లాడ్జి గదిలో ఏం చేయాలి?

కార్తీకమాసం. మంగాయమ్మగారని ఒకావిడ రోజూ కొత్తపేటలో కూతురింటి నుంచి పలివెల కొప్పులింగేశ్వరుడి గుడికి వెళ్ళేవారు. డెబ్భై ఏళ్ళావిడ, పట్టుచీరలో దీపాల బుట్టతో మా కారు కోసమే నిలబడేవారు. వెనక సీట్లో కూర్చుని నా డ్రైవింగుకి మార్కులు వేసేవారు. "నిన్నటి మీద ఇవాళ నయవమ్మా. గుండె జారలేదు."

మా ఆయన గురించి లాడ్జిలో చెప్పిన మాటే ఈ కారులోనూ చెప్పి ఉన్నాను. మూడో రోజో నాలుగో రోజో అడిగారు. "మీవారు ఏం ఇష్టంగా తింటారమ్మా?"

"తీపి" అన్నాను. నిజమే. "తీపి ఏదైనా సరే. నేను దాచిపెడతానని ఫ్రిజ్‌లో వెతుక్కుంటారు."

"నిద్రపోతూ గురక పెడతారా?"

"పెడతారండీ. ఒప్పుకోరు గాని."

ఆవిడ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. మొదలుపెట్టాక ఆపబుద్ధి కాలేదు. టీ ఎంత వేడిగా తాగుతారో, పాత పాటలు ఎంత శ్రుతి తప్పి పాడతారో, కారు తాళాలు రోజూ ఎలా పారేసుకుంటారో, అన్నీ చెప్పాను. మస్కట్‌లో ఆయన పేరెత్తితే అందరూ గొంతు తగ్గిస్తారు, మాట మారుస్తారు. ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. పొద్దున్న లేచి కారు దగ్గరికి వెళుతుంటే, ఈ ఊళ్ళో ఆయన బతికే ఉన్నారన్న ధైర్యం ఉండేది. ఆ ధైర్యంతోనే కాబోలు, చేతులు చల్లబడటం తగ్గింది. వెనక్కి నాలుగు ఇళ్ళ దూరం పోగలిగాను. దారిలో నడిచేవాళ్ళని చూసి సూరిబాబుగారు చెప్పకముందే నేనే ఆపడం మొదలుపెట్టాను.

రాజోలు దారిలో

ఆ ఆదివారం మంగాయమ్మగారు రాజోలులో చెల్లెలింటికి వెళ్ళాలన్నారు. దూరం దారి, మంచి సాధన అని బయల్దేరాం. దారిలో ఆగి కొబ్బరి బొండాలు తాగాం. బొండం ముప్పై రూపాయలు. మస్కట్‌లో అదే బొండం రియాలు, అంటే మన రెండొందలు, దాటుతుందని చెబితే, కొట్టేవాడు కత్తి ఆపి నా వంక జాలిగా చూశాడు.

మళ్ళీ కారెక్కాక మంగాయమ్మగారు ఉన్నట్టుండి అడిగారు.

"ఏవమ్మా, నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మీవారు ఒక్క ఫోనన్నా చెయ్యరేం?"

  నేను నోరు తెరిచేలోపు సూరిబాబుగారు వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"పనిలో ఉండగా ఫోను ముట్టుకోనివ్వరు పిన్నిగారూ. రాత్రిళ్ళు మాట్టాడుకుంటారులెండి."

"అదీ నిజవే" అని ఆవిడ సర్దుకున్నారు.

నేను రోడ్డే చూస్తున్నాను. ఆయనా రోడ్డే చూస్తున్నారు. ఆవిణ్ణి రాజోలులో దింపేశాక, తిరుగుదారిలో కారు పక్కకి తీసి ఆపాను.

"బాబాయిగారూ, సువర్ణ మీకు చెప్పిందా?"

"ఆయ్. మీరు రాకముందే చెప్పిందండి."

"మరి మీరు నాతో ఒక్కసారి కూడా..."

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నారు. "ఉన్నారని మీరు చెప్పేరండి. లేరనడానికి నేనెవర్నండీ? బాగోదు కదండీ."

ఇన్నాళ్ళూ పదిమంది ముందూ నా అబద్ధాన్ని ఆయన మోస్తున్నారు. ఎవరడిగినా నాకంటే ముందే అందుకుని జవాబు చెప్పారని ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. సిగ్గుపడాలి గాని నాకు సిగ్గు వేయలేదు. భయం వేసింది. ఇంకొక మనిషికి తెలుసంటే మా ఆయన మళ్ళీ పోయినట్టే. ఆ పూట ఇద్దరం ఎవరినీ ఎక్కించుకోలేదు. దారిలో ఎవరూ కనపడలేదో, నేను చూడలేదో తెలియదు.

ఓడలరేవు

చివరి రోజు సూరిబాబుగారు అమలాపురంలోనే దిగిపోయారు. "నాకు పనుందండి. మీరు ఓడలరేవు దాకా వెళ్ళి సముద్రం చూసి రండి." ఆయనకి పనేమీ లేదని ఇద్దరికీ తెలుసు. ఆయన మర్యాద ఆయన చూపించారు, నేను కూడా అలాగేనండీ అన్నాను.

జీవితంలో మొదటిసారి ఒక్కదాన్నే కారు నడిపాను. రెండు వైపులా రొయ్యల చెరువులు, వాటిలో నీటిని చిలికే చక్రాలు. దూరంగా గ్యాసు ప్లాంటు గొట్టాలు. భయపడినా "ఫర్వాలేదండి" అనేవాళ్ళు లేరు, బాగా తిప్పినా చూసేవాళ్ళు లేరు. సముద్రం దగ్గర దిగి కాసేపు నిలబడ్డాను. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. ఆ అవతలెక్కడో మస్కట్ ఉందనుకోబోయి, ఈ సముద్రం ఆ వైపుది కాదు కదా అని నన్ను నేనే కసురుకున్నాను.

తిరిగి వస్తుంటే చేపల గంపతో ఒకావిడ నడుస్తోంది. ఆపాను. అడిగేలోపే గంపని వెనక పెట్టి, ముందు సీట్లో కూర్చుంది. కారంతా నీచువాసన.

"అల్లవరం ఎల్లాలమ్మా. బండి మీదేనా? మీ ఆయనేం సేత్తాడు?"

జవాబు నోటి చివరే ఉంది, ఇన్ని రోజులుగా అలవాటైన జవాబు. ఈసారి పక్కన సూరిబాబుగారు లేరు, అందుకుని మోసేవాళ్ళు లేరు.

"పోయారమ్మా. నిరుడు."

"అయ్యో" అంది. నా వంక చూసింది. ఇంకేదో అనబోయి, "అదిగో ఐసు బండొత్తంది సూడు" అంది.

చేపలకి ఐసు తెచ్చే పెద్ద వ్యాను. అది వెనక్కి పోలేదు, దాని వెనక ఇంకో రెండు బండ్లున్నాయి. వెడల్పు జాగా నా వెనక ఎక్కడో మలుపు దగ్గరుంది. ఒక పక్క చెరువు, ఒక పక్క కాలవ. రివర్సు వేశాను. ఆవిడ కిటికీలోంచి సగం బయటికి వంగి, "రా... రా... ఇంకా రా... నీళ్ళున్నాయి ఇటు, సూసుకో..." అంటూనే ఉంది. అద్దంలో కాలవ కనపడుతూనే ఉంది. కళ్ళలో నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మలుపు దగ్గర వెనక చక్రాలు గట్టి నేల మీదికి ఎక్కాయి. ఐసు బండి పక్కనుంచి వెళ్తూ హారను కొట్టింది.

"బాగానే తోల్తున్నావే" అంది ఆవిడ. అల్లవరంలో దిగి గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. పేరు కూడా అడగలేదు నేను. ఆమెతో అన్న ఆ ఒక్కమాటతో ఆయన కోనసీమలో కూడా పోయారు.

సాయంత్రం లాడ్జికి మంగాయమ్మగారు వచ్చి పూతరేకుల పెట్టె ఇచ్చారు. "మీవారికి ప్రత్యేకం బెల్లంవి చేయించాను. నేను ఇచ్చానని చెప్పమ్మా." చెబుతానన్నాను. పక్కనే ఉన్న సూరిబాబుగారు లాడ్జి గోడ మీద క్యాలెండరు శ్రద్ధగా చూస్తూ నిలబడ్డారు.

మస్కట్

డ్రమ్ములు ఒక్కసారికే పాసయ్యాను. ఎత్తు కూడా. రోడ్డు పరీక్షలో పక్కన పోలీసు అధికారి కూర్చున్నాడు. అంతా బాగానే సాగుతుంటే, ఎండలో ప్లాస్టిక్ కవరుతో ఒక కూలీ మనిషి నడిచిపోతూ కనపడ్డాడు. నా కాలు నన్నడగలేదు. ఇండికేటరు వేసి, పక్కకి తీసి, అతని ముందు ఆపాను.

"ఎందుకు ఆపావు?" అన్నాడు అధికారి.

"నడుస్తున్నాడు కదా" అన్నాను.

ఆ మనిషి యూనిఫాం చూసి హడలిపోయి, పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. అధికారి అతన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. అయిపోయింది, ఉద్యోగం పోయిందనుకున్నాను. "పద" అన్నాడు. చివర్లో సంతకం పెడుతూ, "ఆపడం పద్ధతిగానే ఆపావు. ఇంకెప్పుడూ పరీక్షలో ఆపకు" అన్నాడు. పూతరేకులు ఆ సాయంత్రం సువర్ణా నేనూ తిన్నాం.

కొత్త క్లినిక్‌కి వెళ్ళాల్సిన మొదటి రోజు ఉదయం కిందికి దిగాను. పోయిన రోజు ఆయన ఆఫీసుకి వేరేవాళ్ళ బండిలో వెళ్ళారు, ఆయన కారు అప్పటి నుంచీ అక్కడే ఉంది. బ్యాటరీ మార్చిన మెకానిక్ పొడుగు మనిషి, లోపల దేన్నీ కదపలేదు. తలుపు తీసి ఆయన సీట్లో కూర్చున్నాను. ఎన్నేళ్ళు ఆ కారులో తిరిగినా ఆ సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు. వీపు వెనక్కి ఆనింది, కాళ్ళు చాపాను. నా పాదం బ్రేకుకి అందలేదు.

సీటు ఆయన కాళ్ళకి సరిపోయేంత వెనక్కి ఉంది. ఆయన చివరిసారి దిగినప్పుడు ఎక్కడుందో అక్కడే ఉంది. ఇంట్లో ఆయన చెప్పులు ఇచ్చేశాను, చొక్కాలు ఇచ్చేశాను. ఇది మిగిలిందని నాకు తెలియదు.

టైమవుతోంది. శాంపిళ్ళ కోసం పరగడుపున వచ్చినవాళ్ళు కూర్చుని ఉంటారు. సీటు కింద చెయ్యి పెట్టి కమ్మీ వెతికాను. పట్టుకుని కాసేపు అలాగే ఉన్నాను. తర్వాత పైకి లాగి, సీటును ముందుకి జరిపాను. అది ఒక్కో పన్ను దాటుతూ టక్, టక్‌మని వచ్చింది. బ్రేకు అందేదాకా జరిపి, బండి తీశాను.